అమ్మమ్మ కొంగులో కెమెరా కన్ను

నా చిన్నప్పుడు అని నేను నోరు తెరవగానే మా ఇంట్లో ఒకరికి పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి, ఇంకొకరికి ఎవరో తలుపు కొట్టినట్టు వినబడుతుంది. వాళ్ళ తప్పు లేదు. నేను పెంచి చెబుతాను. మా పెరట్లో కాసిన సొరకాయని నేను వర్ణిస్తే దాన్ని ఇంట్లోకి తేవడానికి బండి కట్టాల్సి వస్తుంది. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను. మీకు ఎక్కువనిపించినదాన్నల్లా సగానికి కోసుకోండి. కాకపోతే మీరు కోసి పారేసిందే నిజమై, దాచుకున్నదే కల్పన అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, నేను నిజంగా కల్పించింది ఏదో చివర్లో నేనే చెప్పేస్తాను.

అరవైల చివరి రోజులవి. గజపతినగరం పక్కన మా అమ్మమ్మగారి ఊళ్ళో ఉండి చదువుకునేవాణ్ణి. గజపతినగరం బజారులో మా మావయ్యకి ఫోటో స్టూడియో ఉండేది. అది ఎంత ఇరుకంటే, నలుగురున్న కుటుంబాన్ని తెర ముందు నిలబెడితే మావయ్య కెమెరాతో సహా రోడ్డు మీదకి రావాల్సి వచ్చేది. ఆయన కెమెరాని ముఖానికి ఆనించుకుని కన్ను మూసి కన్ను తెరిచేదాకా రాయగడ వెళ్ళే లారీలు బారులు తీరి నిలబడేవి. తెర మీద ఒక విమానం బొమ్మ. ఆ బొమ్మ గీసినవాడు విమానాన్ని ఎన్నడూ చూడలేదు గనక దానికి బండి చక్రాలు పెట్టి, కిటికీలకి ఇనుప ఊచలు బిగించాడు. నన్ను ఆ విమానం ముందు నిలబెట్టి ఫోటో తీస్తానని మావయ్య మాటిచ్చాడు. నా కథంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది, మావయ్య కథ మాత్రం ఆయన బతుకు చుట్టూ తిరుగుతుంది.

ఆయన కెమెరా రంగూను నుంచి వచ్చింది. మా వైపు నుంచి బతుకుతెరువుకి రంగూను వెళ్ళినవాళ్ళకి లెక్కలేదు. వాళ్ళలో ఒకాయన అక్కడ అన్నీ వదిలేసి తిరిగొస్తూ ఆ కెమెరాని బట్టల మూటలో దాచి తెచ్చి మావయ్యకి అమ్మాడు. దాని లెన్సు సీసా మూతలాగా మరలు తిప్పి బిగించే రకం. మావయ్య దాన్ని చూసినంత ప్రేమగా పెళ్ళికూతుళ్ళని కూడా చూసేవాడు కాదు. వానాకాలంలో గాజుకి బూజు పట్టకుండా దాన్ని బియ్యం డబ్బాలో పెట్టమని మా అమ్మమ్మకి అప్పజెప్పాడు. అదే ఆయన చేసిన పొరపాటు. అన్నం పెట్టే వస్తువు, పైగా బియ్యంలో కూర్చుంది, ఇంకేముంది, అమ్మమ్మకి అది లక్ష్మి అయిపోయింది. రోజూ దానికి పసుపు రాసి బొట్టు పెట్టేది. మావయ్య తుడుచుకోలేక ఏడ్చేవాడు. మా చుట్టుపక్కల ఆ రోజుల్లో తీసిన ఫోటోల్లో అందరి నుదుటి దగ్గరా ఒక మసక మచ్చ ఉంటుంది. అది అమ్మమ్మ పెట్టిన బొట్టే.

ఒక పెళ్ళిలో ఉపద్రవం జరిగింది. వంటల పొగకి లెన్సు మసకబారితే మావయ్య దాన్ని విప్పి జేబులో వేసుకుని, నోరు తెరుచుకున్న కెమెరా బాడీని చేత్తో పట్టుకుని, పందిట్లో ఉన్న బంధువులంతా పడతారో లేదో చూడ్డానికి బల్ల ఎక్కి వెనక్కి నడుస్తున్నాడు. పెళ్ళిపెద్ద ఒకాయన కింద నుంచి ఒకటే హడావుడి.

"ఇంకొంచెం ఎనక్కెల్లు బాబూ, మా పెదబావ సెవొకటి మిగిలిపోనాది!"

మావయ్య ఆ చెవి కోసం ఇంకొక్క అడుగు వెనక్కి వేశాడు. బల్ల లేచింది. మావయ్య అరటాకుల కట్ట మీద పడ్డాడు, కెమెరా బాడీ గుమ్మడికాయ దప్పళం గంగాళంలో పడింది. నోరు తెరుచుకుని ఉందేమో, బెల్లం, చింతపండు, పోపు అన్నీ పుచ్చుకుంది. గరిటెతో తీసేసరికి లోపల తెరుచుకుని మూసుకునే షట్టరు తెర అంటుకుపోయి ఉంది. అన్నిటికన్నా అన్యాయం, ఆ దప్పళాన్ని ఎవరూ పారబోయలేదు. ఈసారి రుచి బాగా కుదిరిందని మారు వడ్డించుకున్నారు.

మా తాతయ్యకి ఫోటోలంటే మొదటినుంచీ గిట్టదు. నీడని పట్టి అమ్ముకోవడం కూడా ఒక పనేనా అని ఆయన బాధ. దప్పళం సంగతి విని చుట్ట పక్కన పెట్టి తీర్పు చెప్పేశాడు.

"ఒరే, ఉగాదినాటికి నీ మెళ్ళో కెమెరా ఉంటే సరే. లేదంటే ఏరువాకకి నీ సేతిలో నాగలుంటాది. ఇంక మరి మాట లేదు."

మావయ్య చేతులు చూస్తే నాగలికే జాలేసేది. ఆయన దగ్గరున్న డబ్బుకి కొత్త కెమెరా కలలో కూడా రాదు. లెన్సు బతికి మళ్ళీ బియ్యం డబ్బాలో చేరింది కాబట్టి దానికి సరిపడే పాత బాడీ ఒకటి దొరికితే చాలు. విశాఖపట్నంలో ఓడరేవు దగ్గర ఒక దుకాణంలో ఓడల మీద వచ్చిన సామాను అమ్ముతారని తెలిసింది. అది దిగేది శుక్రవారం, సాయంత్రానికి ఒక్కటీ మిగలదట. సరిగ్గా అక్కడే మా అమ్మమ్మ అడ్డం నిలబడింది.

శుక్రవారం మా అమ్మమ్మ చేతి నుంచి గుమ్మం దాటి ఏదీ పోదు. పక్కింటావిడ పెరుగు తోడుకి వస్తే శనివారం రమ్మనేది. ఉప్పు, చీపురు, సూది సరేసరి. ఒక శుక్రవారం మా ఇంట్లో దూరిన దొంగ కూడా ఆవిడ ముఖం చూసి వట్టి చేతులతో వెళ్ళిపోయాడని చెప్పుకునేవారు. అలాంటిది, బియ్యంలో కూర్చున్న లక్ష్మిని ఓడరేవుకి పంపుతుందా?

"కన్ను కదలదురా. డబ్బా నువ్వెల్లి తెచ్చుకో," అంది. ఆవిడ లెక్కలో లెన్సు కన్ను, బాడీ డబ్బా.

"కన్ను లేకుండా డబ్బా సరిపోతాదో లేదో ఎలగ తెలుస్తాదే అమ్మా?" అని మావయ్య నెత్తి కొట్టుకున్నాడు.

దానికి తాతయ్య దగ్గర ఉపాయం ఉంది. మా ఊళ్ళో ఎవరు చెప్పులు కొనాలన్నా పాదం పక్కన కొబ్బరి ఈనె పెట్టి, బొటనవేలు దగ్గర తుంపి, ఆ ఈనెని పట్నం పంపేవారు. ఆయన లెన్సు మూతికి ఈనె అడ్డంగా పెట్టి, గోటితో తుంపి, మావయ్య చేతిలో పెట్టాడు.

"ఇంటిల్లిపాదికీ ఈనెతోనే గదరా సెప్పులు తెచ్చాను. ఎవులికైనా కరిసాయేటి?"

మేమందరం కాళ్ళ మీది పుళ్ళు పంచె కిందా చీర కిందా దాచుకుని, కరవలేదన్నాం.

మావయ్య ఆ ఈనెని జేబురుమాల్లో చుట్టుకుని వెళ్ళి, మరునాటికి ఒక బాడీతో తిరిగొచ్చాడు. తళతళలాడిపోతోంది. దాని మూతి, ఈనె పొడుగు వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయాయి. శనివారం గనక అమ్మమ్మ కన్నుని బయటికి తీసి ఇచ్చింది. మావయ్య లెన్సుని మూతి మీద పెట్టి తిప్పాడు. అది తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఆ బాడీ మూతికి మరలు లేవు, మూడు వైపులా మూడు గోళ్ళు ఉన్నాయి. అది గుచ్చి మెలేసే రకం. మరలున్నాయో గోళ్ళున్నాయో ఈనె ఏం చెబుతుంది పాపం?

మావయ్య దాన్ని కుడి నుంచి తిప్పాడు, ఎడమ నుంచి తిప్పాడు. పూజగదిలో, పెరట్లో, బావి దగ్గర తిప్పాడు, చోటు మారిస్తే బుద్ధి మారుతుందేమోనని. చివరికి నేల మీద కూలబడి ఆ రెండింటినీ చెరో చేత్తో పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. రెండూ మంచివే, ఒకదానికొకటి పనికిరావు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, విమానం ఫోటో సంగతి అడగబోయిన నా నెత్తి మీద మొట్టాడు. ఓడరేవు దుకాణంవాడు దాన్ని వెనక్కి తీసుకున్నాడు గానీ, తక్కువకి తీసుకున్నాడు. అసలే చిన్న మూట, ఇంకా చిక్కిపోయింది. ఆ వారమంతా అమ్మమ్మ పెట్టిన అన్నాన్ని మావయ్య కెలికి వదిలేసేవాడు. అమ్మమ్మ లెన్సుకి బొట్టు పెట్టడం మానేసింది.

ఉగాది దగ్గర పడింది. అప్పుడు స్టూడియో పక్కన సైకిళ్ళు బాగుచేసే కుర్రాడు ఒక వార్త తెచ్చాడు. బొబ్బిలిలో మిషను బంగళా దొరగారి కుటుంబం వాళ్ళ దేశానికి వెళ్ళిపోతోందట, సామాను అమ్మేస్తున్నారట. కుర్చీలు, దీపాలు, రెండు కెమెరా బాడీలు. లెన్సులు దొరగారు ఉంచుకుంటారట. అమ్మకం ఒక్కరోజే. ఆ ఒక్కరోజూ మళ్ళీ శుక్రవారమే.

మావయ్య గుమ్మంలో చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఈనె కోసం వెతుక్కుంటున్నాడు. అడిగి లాభం లేదని లెన్సు ఇమ్మని అడగడం కూడా మానేశాడు. అమ్మమ్మ బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు వినబడింది. లోపలి నుంచి ఆవిడ ఉతికిన చీరతో వచ్చింది. లెన్సుని కొంగులో వేసి ముడేసి, ఆ ముడిని బొడ్లో దోపుకుంది.

తాతయ్య లేచాడు. "ఏటే, శుక్కురారం లచ్చిమిని గుమ్మం దాటిస్తన్నావేటి?"

"దాటిస్తే గద తప్పు," అంది అమ్మమ్మ. "నా కొంగులో ఉన్నంతసేపూ అది నా ఇంట్లో ఉన్నట్టే. నానెక్కడుంటే అదే ఇల్లు. ఇల్లే బొబ్బిలి బయల్దేరతన్నాది, సూడు!"

తాతయ్య నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. మేము తిరిగొచ్చాక గానీ అది మూతపడలేదు.

వాళ్ళ వెనకే నేనూ పడ్డాను. బొబ్బిలి దాకా బొగ్గు రైలు. మేము దిగేటప్పటికి ముగ్గురం మూడు బొగ్గు బస్తాల్లా ఉన్నాం. అమ్మమ్మ దారిపొడుగునా బొడ్డు మీద నుంచి చెయ్యి తీయలేదు. ఎదురుగా కూర్చున్నావిడ కడుపునొప్పేమో అనుకుని వాము నమలమని పెట్టింది.

మిషను బంగళా వరండాలో తెల్లచీర కట్టిన ఆస్పత్రి నర్సమ్మ బల్ల మీద సామాను పేర్చి అమ్ముతోంది. రెండు బాడీలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. వెలుతురు ఎంతుందో చూపించే సూది కూడా ఉంది దానికి. రెండోది ముసలిది. తోలు ఊడి వేలాడుతోంది, ఒక మూల సొట్ట. మావయ్య చూపు మెరిసేదాని మీద పడి అక్కడే అతుక్కుపోయింది.

అమ్మమ్మ కొంగు ముడి విప్పి కన్నుని బల్ల మీద పెట్టింది. మెరిసేది దాన్ని దగ్గరికి రానివ్వలేదు. ముసలిదాని మీద పెట్టి తిప్పితే కిర్రుమని లోపలికంటా వెళ్ళి కూర్చుంది, ఎప్పటినుంచో దానికోసమే చూస్తున్నట్టు.

అయినా మావయ్యకి మనసొప్పలేదు. మెరిసేదానికీ మన లెన్సుకీ మధ్య బిగించే ఉంగరం ఒకటుంటుందని, మద్రాసుకి రాస్తే ఎప్పటికో పంపుతారని నసిగాడు.

"ఆ ఉంగరం వచ్చేదాకా పెళ్ళిళ్ళు ఆగుతాయేట్రా? నాగలట్టుకున్న మీ బాబు ఆగుతాడేట్రా?" అంది అమ్మమ్మ.

మావయ్య ముసలిదాన్ని చెవి దగ్గర పెట్టుకుని మీట నొక్కి చూశాడు. వేగంగా తెరిచి మూసే వేగాలన్నీ పలుకుతున్నాయి. నెమ్మదివి పెడితే మాత్రం తెర తెరుచుకుని మూసుకోవడం మరిచిపోతోంది. అంటే ఇంటి లోపల, మసక వెలుతురులో ఫోటో పడదు. ఎండ ఉంటేనే పని. మావయ్య ముఖం మళ్ళీ మాడిపోయింది. చివరికి చిక్కినది కూడా సగమేనా అని.

"దొరగారు సెప్పిన రేటుకే ఇవ్వమన్నారమ్మా, తగ్గదు," అంది నర్సమ్మ.

"దొరగారు ఓడెక్కేస్తన్నారు గద తల్లీ, తోలూడిన డబ్బాకి కూడా టిక్కెట్టు తీస్తారేటి?" అంది అమ్మమ్మ.

నర్సమ్మ నవ్వు ఆపుకోలేక తగ్గించింది. మిగిలినదాంతో రెండు రీళ్ళు కొన్నాం. ఉగాదినాడు మావయ్య మెళ్ళో కెమెరా ఉంది. తాతయ్య దాన్ని ఎగాదిగా చూసి, నాగలి చూరుకి తగిలించి, చుట్ట వెలిగించుకున్నాడు.

ఆ కెమెరాతో మావయ్య ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చాడు. పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ నడిరోడ్డు మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టేవాడు. అందుకే మా వైపు ఆ రోజుల నాటి దంపతులందరూ ఫోటోల్లో కళ్ళు చికిలించి, పెళ్ళయిన మరుక్షణమే ఒకరి మీద ఒకరికి అనుమానం వచ్చినట్టు ఉంటారు. నా విమానం ఫోటో కూడా తీశాడు. స్టూడియోలో వెలుతురు చాలదని తెరని రోడ్డు మీదకి తెచ్చి కట్టాడు. గాలికి తెర ముడుచుకుని నా వెనక విమానం నడుం విరిగినట్టు పడింది. ఎన్నాళ్ళుగానో కాచుకున్న ఫోటో! ఇప్పటికీ చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఆనాటి నుంచి నేను ఏది కొనడానికి వెళ్ళినా మిగిలి ఉన్నదాన్ని వెంట తీసుకెళ్తాను. మూత కొనాలంటే గిన్నె, గుండీ కొనాలంటే చొక్కా. కిటికీ తలుపు ఒకటి ఊడితే రెండోదాన్ని కూడా ఊడబీకి బస్సులో వేసుకెళ్ళాను. నన్ను చూసి జనం నవ్వుతారు. నవ్వనివ్వండి, ఈనె పట్టుకుని వెళ్ళినవాడి ముఖం నేను చూశాను.

ఇక ఇచ్చిన మాట. దప్పళం నిజం. మారు వడ్డించుకోవడమూ నిజమే. నేను కల్పించింది గుమ్మంలో అమ్మమ్మ అన్న మాట. కొంగే ఇల్లని ఆవిడ అనలేదు. ఆవిడ పోయాక ఎప్పుడో నేనే అల్లుకున్నాను. తాతయ్య అడిగితే అమ్మమ్మ ఏ జవాబూ చెప్పలేదు. ఆవిడకి చెప్పుకోవడానికి సాకేమీ లేదు. గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడింది, మావయ్య వైపు చూసింది, కాలు బయట పెట్టింది. కాకపోతే ఆ కొంగు ముడి ఎంత గట్టిగా వేసిందంటే, మిషను వరండాలో మావయ్యా నేనూ నర్సమ్మా ముగ్గురం లాగినా రాలేదు. ఆఖరికి ఆవిడే వంగి పళ్ళతో విప్పుకుంది. దాన్ని మాత్రం సగానికి కోయకండి.