రఫూ చేసిన ఈగ

కర్నూలులో రఫూ పని చేసే రసూల్ సాహెబుకు ఎక్కువ మాటలు గిట్టవు. వాగేవాళ్ల బట్టలే ముందు చిరుగుతాయని అతని నమ్మకం. షేర్వానీని ఎలుక కొరికినా, పట్టుచీర మీద నిప్పురవ్వ పడినా, అదే బట్ట అంచులోంచి పోగులు లాగి, పడుగూ పేకా కలిపి పూడ్చేసేవాడు. ఆ తర్వాత సొంతదారు వెతికినా చిల్లు దొరికేది కాదు.

అట్లా ఒకసారి గురుస్వామి కోటు రఫూకు వచ్చింది. పొలాల్లో పురుగులు పట్టి, సూదులకు గుచ్చి, పేర్లు రాసి పెట్టెల్లో దాచడం ఆయన ఉద్యోగం. వేరే పని చేతకాక సర్కారు ఈ పని ఇచ్చిందని ఊరు అనుకునేది. కోటు చూసుకున్న గురుస్వామి ఆ వేళ్లను తన గదికే రప్పించుకున్నాడు. అప్పటినుంచి పురుగులు గుచ్చే పని రసూల్ సాహెబుది. దోమ కాలు కూడా విరిగేది కాదు.

1934 మాఘంలో ఓర్వకల్లు దగ్గర ధనియాల చేలో గురుస్వామి ఒక ఈగను పట్టాడు. పసుపూ నలుపూ చారలతో కందిరీగలా ఉంది గానీ రెక్కలు రెండే. పూల మీద, గాలిలో మేకు కొట్టినట్టు ఒక్కచోటే నిలబడే జాతి అది. అయితే ఈ చారలు పుస్తకంలో ఏ బొమ్మతోనూ కలవలేదు. దొరికింది ఒక్కటే. ఆయన క్యాంపుకు వెళ్లిన వారంలో చీమలు పెట్టెలో దూరి దాని వెనక కాళ్లు రెండూ తినేశాయి.

చిరిగినదాన్ని చిరిగినట్టు వదలడం రసూల్ సాహెబ్ చేతులకు రాదు. పారేసే డబ్బాలోంచి ఇంకో ఈగ కాళ్లు తీసి తుమ్మబంకతో అతికించాడు. లావు తొడలు, చూడముచ్చటగా ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు. పెట్టె కలకత్తాలో ఈగల పండితుడి దగ్గరికి వెళ్లింది.

మూడు నెలలకు ఉత్తరం వచ్చింది. గురుస్వామి గంతు వేశాడు.

"సాయిబూ! చారలు చూస్తే పర్షియా ఈగంట, మన దేశంలో ఇంతవరకూ ఎవురూ చూల్లేదంట. అయితే ఆ జాతికి ఇట్లాంటి తొడలుండవంట. అందుకని ఇది ప్రపంచానికే కొత్తదంట, దానికి నా పేరు పెడతామంటాండారు!"

"ఈగకా సామీ?"

"ఈగకే! ఎద్దుకు ఎవురైనా పెడతారు."

ఆ రాత్రి రసూల్ సాహెబ్ కాళ్లు అతికించిన మాట ఇంట్లో చెప్పాడు. సంగతి విని అతని భార్య నన్నీ బీ కడుపు పట్టుకుని నవ్వింది. "నా రవిక చిరిగి నెలయింది. దానికి తీరలేదు గానీ ఈగకు కాళ్లు కుట్టినావా?" అని, నవ్వు ఆగాక, "నోరు మూసుకో. చెప్తే పని పోతాది" అంది.

"సొంతగాడికి చెప్పి చేస్తే రఫూ. చెప్పకుండా చేస్తే దొంగపని."

మర్నాడు చెప్పేశాడు. గురుస్వామి మొహం ఎండిన వడియం అయింది.

"కనపడకుండా చేసినావు గదప్పా! ఎవురికి తెలుస్తాది?"

"తెలీదు సామీ, అదే తప్పు. రేపు ఎవురో వలలు పట్టుకొని వస్తారు. ఆ తొడల ఈగ యాడుండాదని సచ్చేదాకా ఎతుకుతారు."

గురుస్వామి నాలుగు రోజులు కలకత్తా ఉత్తరాన్నే తిప్పి తిప్పి చదువుకున్నాడు. అయిదోరోజు కలకత్తాకు ఉన్నదున్నట్టు రాశాడు. జవాబు కటువుగా వచ్చింది: భూతద్దం కింద రెండు రోజులు చూశాం, అతుకు లేదు, మీ మనిషి అబద్ధమాడుతున్నాడు.

రసూల్ సాహెబును జన్మలో ఎవరూ ఇంత తిట్టలేదు, ఇంత మెచ్చుకోనూ లేదు.

"చూసినావా, పెద్దోళ్లే లేదంటాండారు," అన్నాడు గురుస్వామి ఆశగా. "ఇంగ మనదేముండాది?"

"తొడ మొదట్లో గోరువెచ్చని నీళ్లచుక్క వేసి, నూరు లెక్కబెట్టమని రాయి సామీ."

రాసేటప్పుడు గురుస్వామి కలం మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ రసూల్ సాహెబ్ సిరాబుడ్డి ముందుకు జరిపాడు.

కలకత్తాలో కాళ్లు ఊడాయి. కొత్త పేరూ ఊడింది. మరుసటి ఏడు అచ్చులో వచ్చింది ఇంతే: ఈ దేశంలో మొదటిసారి, ఓర్వకల్లు, ధనియాల పూల మీద, మగది ఒకటి, వెనక కాళ్లు లేవు. పట్టినవాడిగా గురుస్వామి పేరు చీమతలంత అక్షరాల్లో ఉంది. దాన్ని నాలుగుసార్లు చదువుకుని ఆయన కాస్త తేరుకున్నాడు.

"అవునూ సాయిబూ, ఆ కాళ్లు యా ఈగవి?"

"పేడదిబ్బ మీద తిరిగేదాన్ది సామీ," అన్నాడు రసూల్ సాహెబ్, సూదికి ఇంకో పురుగును గుచ్చుతూ. "మీ పేరు బతికిపోయింది."