జింకల వదిన

దగ్గరికి జరిగి కూర్చోండి, మా చిన్నత్త ముచ్చట చెబుతాను. ఝరాసంగం వాగొడ్డున ఆమెకు చేనుండేది. జింకలు నీళ్లకు నడిచే మేర దున్ననిచ్చేది కాదు. వాటిని "మా ఆడబిడ్డలు" అనేది. ఆ దారి ఎగువనున్న పటేలు చేను మీదుగా వచ్చేది. కరువొచ్చిన ఎండాకాలం ఆయన తన వైపు ముళ్లకంప అడ్డం వేయించాడు. మంద దాహంతో అక్కడే ఆగిపోయింది.

అత్త వెళ్లి, "పటేలా, ఆడబిడ్డలొచ్చే తొవ్వకు కంపేస్తవా?" అని అడిగింది.

"అవి నీకు ఆడబిడ్డలైతే నాకేంది వదినా?"

"నన్ను వదినా అంటివి. మరి నా ఆడబిడ్డలు నీకు అక్కచెల్లెండ్లు కారా?"

పటేలు పకపకా నవ్వి, "దొరికిపోయిన గదనే!" అంటూ కంప తనే లాగేశాడు. ఆ మేర తన చేనూ బీడుగా వదిలేశాడు. సాయంత్రం మంద రెండు చేలూ దాటి వాగులోకి దిగింది. అత్త చప్పట్లు కొట్టబోయి, బెదురుతాయని చేతులు బిగబట్టుకుంది.

మీ ఇంటి నీళ్లకుండ ఎన్నడూ ఎండకూడదు, బిడ్డలారా.