వెర్నా విమానం పాయింట్లు

క్లీవ్‌లాండ్ శివారులోని ఆ మందుల షాపులో వెర్నా హ్లావచెక్ అడుగుపెట్టిందంటే నేరుగా కార్డుల స్టాండు దగ్గరికే. స్కూలు బస్సు నడిపి నడిపి మొద్దుబారిన చేతులతో ముందే డబ్బు నింపి అమ్మే రీలోడ్ కార్డులను టమాటాలు ఏరినట్టు తిప్పి తిప్పి చూసి, కవరు చిరగనివే తీసుకుంటుంది. వాటిని క్రెడిట్ కార్డు మీద కొని, ఇంటికెళ్లి వాటిలోని డబ్బుతోనే ఆ క్రెడిట్ కార్డు బిల్లు కట్టేస్తుంది. డబ్బు అలా షికారుకెళ్లి ఇంటికొచ్చేస్తుంది. షాపువాళ్ల రుసుము పోతే పోయింది, కొన్నదానికి ఇంత అని క్రెడిట్ కార్డువాళ్లు టిక్కెట్ల కోసం ఇచ్చే విమానం పాయింట్లు మిగులుతాయి. వాటిని ఫోనులో చూసుకుంటూ తాగితేనే ఆమెకు కాఫీ రుచి.

ఆ రోజు కౌంటర్లో ఉన్న కొత్తమ్మాయి బ్రియెల్ కార్డుల మీద చెయ్యి అడ్డం పెట్టేసింది.

"మామ్మగారూ, ఇవి కొనమని ఎవరైనా ఫోన్ చేశారా? మీ మనవడు జైల్లో ఉన్నాడనీ, అదనీ ఇదనీ?"

"వాడికంత ధైర్యమెక్కడిదే!"

"నవ్వకండి. మొన్న ఒక పెద్దాయన ఇలాగే కార్డులు కొని, ఫోన్లో ఎవడో దొంగకి వాటి నంబర్లు చెప్పి నిలువునా మునిగిపోయాడు. నన్ను ఉద్యోగంలోంచి తీసేసినా సరే, నేనివ్వను."

వెనక వరస పెరుగుతోంది. కోపం రావలసిన వెర్నాకు ముచ్చటేసింది. కౌంటరు మీద మోచేతులు ఆనించి పాయింట్ల కథంతా తీరుబడిగా చెప్పింది. బ్రియెల్ కళ్లు పెద్దవయ్యాయి.

"అయితే బోలెడు పోగై ఉంటాయే! ఎక్కడెక్కడ తిరిగొచ్చారు?"

వెర్నా గబగబా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

"విమానంలోనా? అంతెత్తున గాల్లో వేలాడ్డానికి నాకేమన్నా పిచ్చా, తల్లీ?" అంటూ ఇంకో కార్డు తీసి ముందుకు తోసింది.