సాయమ్మ మోకాళ్లు, కిషన్‌బాగ్ పొయ్యి

మా భువనగిరిలో దిక్కులేని ముసలివాళ్లు పధ్నాలుగు మందికి వండిపెట్టి, కనిపెట్టుకుని ఉండే ఆశ్రమం ఒకటుంది. దాన్ని చూసుకునేది నేనే. బడి ఉద్యోగం మానేసి ఈ పనిలోకి వచ్చాను కాబట్టి ఊళ్లో అందరికీ ఇంకా పంతులమ్మనే. మా దగ్గర ఏ ముసలమ్మా పుల్ల విరవదు, ఏ ముసలాయనా చెంబెడు నీళ్లు మోయడు అని నలుగురిలో గొప్పగా చెప్పుకునేదాన్ని. యుద్ధం వచ్చాక కట్టెలు, కిరసనాయిలు దొరకడం గగనమైపోయింది. ఆశ్రమం నడిపే పెద్దలు ఒకరోజు కూర్చుని, ఏది తగ్గిద్దామా అని వెతికి వెతికి, చివరికి సాయమ్మను వేలెత్తి చూపారు. ఆమెకు మోకాళ్లు పనిచేయవు. రెండు పూటలా వేణ్ణీళ్ల కాపడం పెడితేనే కాళ్లు చాపగలదు. ఆ నీళ్ల కోసం వంటపొయ్యి కాక ఇంకో పొయ్యి వెలిగించాలి. హైదరాబాదు పాతబస్తీలో, కిషన్‌బాగ్ వైపు ఒక ఆశ్రమంవాళ్లు మాకంటే మూడింతల మందిని చాలా తక్కువ కట్టెలతో సాకుతున్నారని, ఈమెను అక్కడ చేర్చి రమ్మని అన్నారు. నాకు ఒళ్లు మండింది. వాళ్ల కిటుకేమిటో నేర్చుకొచ్చి సాయమ్మను మన దగ్గరే ఉంచుకుంటానని పట్టుబట్టాను. సరే వెళ్లు, కానీ ఆమెను వెంటబెట్టుకుని వెళ్లు, కిటుకు దొరక్కపోతే అక్కడే వదిలి రా, అని తేల్చేశారు.

సాయమ్మకు మాత్రం "పట్నం చూసొద్దాం పెద్దమ్మా" అని చెప్పాను. తీరా స్టేషనులో చూస్తే ఆమె ఒళ్లో మూట ఉంది. రెండు చీరలు, దుప్పటి, గ్లాసు, దువ్వెన, ఆమెకున్న ఆస్తంతా అందులోనే ఉంది. పట్నం చూడటానికి దుప్పటి ఎందుకని నేను అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు. ఆరున్నర బండి ఏడింటికి వచ్చింది. మూడో తరగతిలో నిలబడే చోటు కూడా లేదు కానీ, ముసలామెను చూసి ఒక రైతు తన చోటు ఇచ్చాడు. దారి పొడుగునా ఆమె కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది, నేను ఆమె మూట చూస్తూ నిలబడ్డాను. అబద్ధం చెప్పి తీసుకెళ్తున్నానన్న సిగ్గు నన్ను నాంపల్లి దాకా వదల్లేదు.

నాంపల్లిలో దిగేసరికి తొమ్మిది దాటింది. స్టేషను బయట జట్కాలు బారులు తీరి ఉంటాయి. కిషన్‌బాగ్ అనగానే జట్కా అతను పన్నెండణాలు అన్నాడు.

"దూరమమ్మా. పైంగ గుర్రానికి దాణా దొరుకుతలేదు, లడాయి నడుస్తున్నది గదా," అన్నాడు.

"నీ గుర్రం నాకన్న నయంగనే ఉన్నది. ఎనిమిదణాలిస్త, నడువు," అన్నాను.

అతను నవ్వేసి, సాయమ్మను సొంత తల్లిని ఎత్తుకున్నంత జాగ్రత్తగా ఎత్తి కూర్చోబెట్టాడు. పురానాపూల్ మీదుగా మూసీ దాటి ముప్పావు గంటలో చేరాం. ఎనిమిదణాల మాట అలాగే ఉంచి పది ఇచ్చాను. మీరు వెళ్తే డబ్బులన్నీ ఇంగ్లీషు రూపాయల్లో కాక నిజాం హాలీ సిక్కాలోనే ఉంచుకోండి, చిల్లర దగ్గర లొల్లి ఉండదు.

ఆ ఆశ్రమం ఒక జాగీర్దారు పాత దేవిడీ బంగళా వెనక భాగంలో ఉంది. మధ్యలో విశాలమైన వాకిలి, ఒక పక్క వంటిల్లు, గోడకవతల పాలవాళ్ల బర్రెల కొట్టం. అక్కడ అన్నీ చూసుకునే మాణిక్యమ్మ మమ్మల్ని సరాసరి వంటింట్లోకే తీసుకెళ్లింది. మేం వెళ్లేటప్పటికి పెద్ద గుండిగలో అన్నం కుతకుతలాడుతోంది. ఆమె మూత తీసి చూసి, పొయ్యిలోంచి కట్టెలు బయటికి లాగేసింది.

"అమ్మా, బియ్యం సగమే ఉడికినయి!" అన్నాను.

"ఫికర్ చెయ్యకు. ఇంక మనం చూడకుంటేనే మంచిగ ఉడుకుతది," అంది మాణిక్యమ్మ.

ఇద్దరు ముసలివాళ్లు వచ్చి గుండిగను ఎత్తి, వరిగడ్డి దట్టంగా కూరిన పెద్ద గంపలో దించారు. పైన పాత బొంత కప్పి, అంచులు చుట్టూ దోపి, వెళ్లిపోయారు. గంటంబావు తర్వాత తీస్తే మల్లెపువ్వులాంటి అన్నం, పొగలు కక్కుతోంది. పప్పుకీ అదే పద్ధతి. వంటపొయ్యి పక్కనే కోడిపొయ్యి వేసి, దాని మీద కాగు పెట్టారు. వంట మంట అటుగా పోతూ పోతూ కాగులో నీళ్లు కాచేస్తుంది. కాపడానికి, స్నానాలకు వేరే పుల్ల వెలిగించరు. కుడితి గోడ మీదుగా పాలవాళ్ల బర్రెలకు వెళ్తుంది, అక్కడినుంచి పిడకలు తిరిగొస్తాయి. దీపాలవేళకు ముందే భోజనాలు ముగించేస్తారు కాబట్టి కిరసనాయిలు ఒక్క లాంతరుకు సరిపడా ఉంటే చాలు. నేను కాగితం మీద పొయ్యి కొలతలు రాసుకుంటూ లోలోపల ఎగిరి గంతేశాను. కిటుకు దొరికింది, సాయమ్మను వదిలే పని లేదు. కోడిపొయ్యి మా అమ్మమ్మ ఇంట్లోనూ ఉండేది, అయినా నా బుర్రకు తట్టలేదు చూడండి.

ఆ సంతోషంలో సాయమ్మను కాసేపు మరిచిపోయాను. తలెత్తి చూస్తే ఆమె చాప మీద లేదు. చేతుల మీద జరుగుతూ వంటింటి మూలకు చేరింది. అక్కడ పగుళ్లు బారిన రెండో పొయ్యి ఒకటుంది. దాని పక్కన ఆ ఆశ్రమంలోనే ఉండే యూసుఫ్ బాబా అనే ముసలాయన కూర్చుని ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు ఒక నవాబు ఇంట్లో వేణ్ణీళ్ల స్నానాల హమామ్‌కు మంట వేసేవాడట. ఇప్పుడు చూపు ఆనకపోయినా ఇక్కడి మంటంతా ఆయన మాట ప్రకారమే నడుస్తుంది.

"పెద్దమ్మా, నీకెందుకు? నువ్వు కూసో," అని కేకేశాను. ఆమె వినిపించుకోలేదు. పొయ్యి మూతిలో చెయ్యి పెట్టి కొలిచింది.

"ఏంది భాయ్, మూతి గింత పెద్దగ వెట్టిన్రు? మంట మీ మొకం జూస్తది గని కుండను జూడదు," అంది ఆయనతో.

బాబా పగలబడి నవ్వాడు. "సచ్ బాత్! నేను మస్తుసార్లు చెప్పిన బహెన్. మట్టి ఎరుకైనోళ్లు ఈడ ఎవ్వరు లేరు."

"నాకు ఎరుక. పుట్టమన్ను తెప్పియ్యి, ఊక తెప్పియ్యి, జెర గుర్రపు లద్ది గూడ."

పాతబస్తీలో గుర్రపు లద్దికేం కరువు? అరగంటలో అన్నీ వచ్చాయి. సాయమ్మ మోచేతుల దాకా మట్టిలో ముంచి, పిసికి, పొయ్యికి కొత్త పెదవి వేయడం మొదలుపెట్టింది. బాబా పక్కన కూర్చుని వేళ్లతో తడిమి చూస్తూ, గాలి ఎటు పోవాలో చెబుతున్నాడు. ఆమె వద్దంటుంది, ఆయన కావాలంటాడు, ఇద్దరూ వాదించుకుంటారు. మూడేళ్లుగా చూస్తున్నాను, ఆమె గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

"గీ పని నీకెట్లొచ్చు పెద్దమ్మా?" అని అడిగాను.

"మాది కుమ్మరోళ్ల ఇల్లు గాదు? మా ఊళ్ల సగం పొయ్యిలు నేను ఏసినయే."

"నాకెన్నడు చెప్పలే!"

"నువ్వెన్నడు అడిగినవు బిడ్డా?" అంది, మట్టిలోంచి చెయ్యి తీయకుండానే.

కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. పొద్దున రమ్మని చెప్పిన జట్కా మూడున్నరకు మళ్లీ వచ్చింది, సాయంత్రం బండి అందుకోవాలంటే అప్పుడే బయలుదేరాలి. నేను సాయమ్మ ముందు కూర్చుని ఉన్నదంతా చెప్పేశాను. వదలమన్నారనీ, వదలనని పట్టుబట్టి వచ్చాననీ, ఇప్పుడు కిటుకు దొరికిందనీ. "ఇంక నీ కాపడానికి వేరే పొయ్యి అక్కర్లే. నడువు, మనింటికి పోదాం," అన్నాను గర్వంగానే.

ఆమె చేతులు కడుక్కుని నా చెంప నిమిరింది. "ఈడ విడువనీకె తెచ్చినవని ఎరుకే. వాపస్ తీస్కపోతవని ఎరుక లేకుండె. సల్లగుండు బిడ్డా. గని నేను రాను."

"ఎందుకు? నేనేం తక్కువ జేసిన?"

"ఏం తక్కువ జెయ్యలే. మంచిగ జూస్కున్నవు. గని కూసోవెట్టి జూస్కున్నవు. గీ పొయ్యి మూడు దినాలు ఆరాలె, ఎవ్వరు మంట వెట్టకుంట నేను కావలి గాయాలె. గిదైనంక ఆ పెద్దది సుత సరిజెయ్యాలె."

మాణిక్యమ్మ అప్పటికే ఆమె మూట లోపల పెట్టించింది. జట్కాలో ఒక్కదాన్నే కూర్చున్నాక ఏడుపు ఆగలేదు. ఆ జట్కా అతను వెనక్కి తిరిగి, "అవ్వ యాడ?" అని అడిగితే, "పనిల ఉన్నది," అన్నాను.

ఇంటికి వచ్చాక మా పెద్దలు ఒకరు తగ్గారని తృప్తిపడ్డారు. తగ్గింది మనిషి కాదు, మన దగ్గర పొయ్యి వేయడం తెలిసిన ఒకే ఒక్క ఆమె అని నేను కోపంగా చెప్పాను, వాళ్లకు ఎంత అర్థమైందో తెలియదు. మర్నాడు మిగిలిన పదముగ్గురి దగ్గరికీ వెళ్లి, మీరు వయసులో ఉన్నప్పుడు ఏం పని చేసేవారని అడిగాను. నేను గంపలు కొందామని బజారుకు బయలుదేరుతుంటే, మా కిష్టయ్య తాత జీవితమంతా గంపలు అల్లినవాడేనని తేలింది. ఆయన అల్లిన గంపలతో, కొలతలు చూసి వేయించిన కోడిపొయ్యితో ఇప్పుడు మా ఆశ్రమంలో ఒకటే పొయ్యి మండుతోంది, రెండు రోజుల కట్టెలు నాలుగు రోజులు వస్తున్నాయి, పదముగ్గురికీ వేణ్ణీళ్లున్నాయి. ఇంకో పదిమంది వచ్చినా సాకగలనన్న ధైర్యం నాకుంది. కట్టెలు, కిరసనాయిలు ఎక్కడ వృథా అవుతున్నాయో వెతికాను గానీ, అన్నిటికంటే ఎక్కువగా మనుషుల్నే వృథా చేస్తున్నానని నాకు నేనుగా తెలుసుకోలేకపోయాను.

కిషన్‌బాగ్ వెళ్లాలనుకునేవాళ్లు పదింటిలోపే చేరండి, గుండిగను గంపలోకి దించేది అప్పుడే. కానీ ఇంట్లోంచి బయలుదేరే ముందే, మీ దగ్గరున్న ప్రతి ముసలి మనిషినీ ఏ పని వచ్చో అడగండి. నేను అడగకుండా వెళ్లాను, సాయమ్మను అక్కడ ఇచ్చి వచ్చాను.