విప్పే ముందు బిగించినవాడు

కాజీపేట రైలింజన్ల షెడ్డులో కూలిపని చేసే ఆ ఖలాసీకి అక్షరమ్ముక్క రాదు. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా అతనంటే నాకు అసూయే.

నిజాం పాలన చివరి రోజులు. నాటకాలవాళ్లు లోపలే వండుకుని పడుకునే పెద్ద మోటారు, హనుమకొండలో మా ఇంటి ముందు టైరు పగిలి ఆగింది. చక్రం నట్లు తుప్పుపట్టి కదలడం లేదు. గ్రంథాలయంలో మోటారు పుస్తకం చదివినవాణ్ని కదా, కొత్త పెళ్లాం చూస్తుండగా నేనే పానా పట్టాను. అరచేతులు బొబ్బలెక్కాయి గాని నట్టు కదల్లేదు.

దారిన పోతున్న ఖలాసీ ఆగాడు.

"జర ఇటియ్యి పంతులూ. ముందుగాల బిగించాలె, గప్పుడే ఇడుస్తది."

నట్టును కొంచెం బిగించి, వెనక్కి తిప్పాడు. కిర్రుమని వదిలింది.

"చదువంటే గదీ!" అని గడపలోంచి నా భార్య నవ్వింది.

లోపలికి పోయి, ఆ మోటారు పుస్తకం చదువుతూ రాసుకున్న నా నోటుపుస్తకం తీశాను. అతను చెప్పిన మాటే అందులో నా చేతిరాతతో ఉంది. ఇప్పటిదాకా ఆమెకు చూపలేదు.