కొనే కాటా మీద గాలిమోటారు

మొన్న విశాఖ విమానాశ్రయంలో, కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి నా పెట్టె కిలోన్నర ఎక్కువుందంది. అలవాటు కొద్దీ బేరం మొదలుపెట్టాను, ముప్పావు నువ్వు వదిలెయ్యి తల్లీ, ముప్పావు నేను తీసేస్తాను, ఇద్దరికీ నష్టం లేదని. ఆ అమ్మాయి నవ్వింది గాని కదల్లేదు. అందరూ చూస్తుండగా కింద చతికిలబడి పెట్టెలోంచి కాఫీ పొట్లాలు లాగుతుంటే నాకూ నవ్వొచ్చింది. ఒకప్పుడు అవతలివైపు నిలబడి జనాన్ని తూచినవాణ్ణి నేనే మరి.

నా ఈడువాళ్లెవరైనా ఆ రోజుల్లో అరకు వచ్చి ఉంటే చూసే ఉంటారు, సెలవులు గడపడానికి వచ్చేవాళ్లని విశాఖ నుంచి గాలిలో తెచ్చి, మళ్లీ తీసుకెళ్లే చిన్న కంపెనీ ఒకటి మూడు చలికాలాలు నడిచింది. కంపెనీ అంటే ఏముంది, ఒక పాత హెలికాప్టరు, దాన్ని సొంత బిడ్డలా చూసుకునే పైలట్ సారు, మా లోయలో కంచె వేసిన మైదానం, గాలిమోటారు దిగేముందు ఎర్రజెండా ఊపి ఆవుల్ని తోలే కొండ పెద్దమ్మ, ప్రయాణికుల్ని తూచడానికి నేను. నా ఉద్యోగం నా తెలివికి వచ్చింది కాదు. వాళ్లకి కాటా కావలసి వచ్చింది, మా నాన్నని అడిగారు, కాటాతోపాటు నేనూ వెళ్లాను.

ఇక్కడ ఒక ఇంటిగుట్టు చెప్పాలి. మైదాన ప్రాంతం నుంచి కొండెక్కి వచ్చి కొట్టు పెట్టుకున్న మా ఇంట్లో రెండు కాటాలుండేవి, ఒకటి అమ్మే కాటా, ఒకటి కొనే కాటా. సంతరోజున కొండవాళ్లు తెచ్చే చింతపండూ పసుపూ తూచడానికే కొనే కాటా. దాని కడ్డీ మీద జరిపే గుండు అడుగున నాన్న అతికించిన సీసం ముక్క ఒకటి ఉండేది, దాని పుణ్యమా అని ఎంత బరువు పెట్టినా కాస్త తక్కువే చూపేది. చలికాలం యాత్రికుల రద్దీలో అమ్మే కాటా కొట్టు వదిలే వీల్లేదు గనక నాన్న కంపెనీకి కొనే కాటా ఇచ్చాడు. నాకు తెలియదా అంటే తెలుసు. కానీ చింతపండుకీ మనుషులకీ సంబంధం ఏమిటనుకున్నాను, పైగా ఆ కాటా ఎక్కిన పట్నం అమ్మగార్లు తాము చిక్కామని ఎంత మురిసిపోయేవారో, ఆ మురిపెమంతా నా మంచితనమేనని నేనూ మురిసిపోయేవాణ్ణి.

మొదటి చలికాలం మూడేసి మందే వచ్చేవారు గనక గడిచిపోయింది. రెండో ఏడు పేరు పాకి, ఉన్న ఐదు సీట్లూ నిండడం మొదలైంది. ఒక పొద్దున నిండుగా లేచిన హెలికాప్టరు సిల్వర్ ఓక్ చెట్ల మీదికి ఎక్కలేక వణికి, మళ్లీ మైదానంలోనే దిగింది. పైలట్ సారు అందరినీ టీ తాగమని పంపి, తూకం సరిగ్గా చూశావా అని నన్నడిగారు. చూశానన్నాను. అయితే జబ్బు ఇంజనుదే, ఇవాళ్టితో దీన్ని పక్కన పెట్టేయమని కబురు చేస్తాను అంటూ ఆయన రేకు మూత విప్పుతుంటే, ఆ ముఖం చూడలేకపోయాను. అప్పుడే జెండా పెద్దమ్మ నా పక్కకొచ్చి, మెల్లిగా అంది:

"ఏటి సావుకారి బాబూ, మీ కాటా మా సింతపండుకే అబద్దం సెప్తాదనుకున్నాను, మడుసులక్కూడా సెప్తాదేటి?"

ఐదుగురి మీద తగ్గిన బరువంతా లెక్కేస్తే, టిక్కెట్టు లేని పిల్లాణ్ణి ఒకణ్ణి రోజూ ఎక్కిస్తున్నానన్నమాట. వెళ్లి చెప్పేశాను, సారూ ఇది మా కొనే కాటా అని. ఆయనకి అర్థం కాలేదు. కొనే కాటా అంటే ఏమిటో విడమర్చి చెప్పాల్సి వచ్చింది చూడండి, తప్పు ఒప్పుకోవడం కంటే అదే ఎక్కువ సిగ్గనిపించింది. తిడతారనుకున్నాను. ఆయన పట్టకారుతో సీసం ఊడదీసి నా చేతిలో పెట్టి, పెద్దమ్మ వైపు చూస్తూ, ఆవిడ ఎన్నేళ్లుగా మీకు అమ్ముతోంది అని మాత్రం అడిగారు. ఇంజనులో జబ్బు లేదని కంపెనీకి చెప్పారు, నా పేరు చెప్పలేదు. ఆ మేలు ఈనాటికీ మరవలేదు.

మూడో ఏడు పొగమంచు వదల్లేదు, ఇంధనం ధర కొండెక్కింది, కంపెనీ మూతపడింది. ఆఖరిరోజు సారు మమ్మల్నిద్దరినీ నిజమైన తూకంతో తూచి పైకి తీసుకెళ్లారు. పెద్దమ్మ అద్దానికి ముఖం ఆనించి మా కొట్టేదని అడిగింది. చూపించాను.

"అదేనా! అగ్గిపెట్టంత నేదు. దానికేనా బాబూ మేం ఇన్నాళ్లూ బయపడ్డాం?"

కాటా ఇంటికొచ్చింది. నాన్న గుండు తిప్పి చూశాడు, నా ముఖం చూశాడు. సీసం మళ్లీ అతికించలేదు.

ఇప్పుడు పెద్దమ్మ మనవరాలు కాఫీ గింజలు ఇంట్లోనే తూచి, బరువు ఫోన్లో చెప్పి, ధర నన్నే చెప్పమంటుంది. నాకు మిగిలింది నోటి బేరం ఒక్కటే, అందులోనూ ఆ గుంటపిల్లే గెలుస్తుంది. యాత్రికులు అద్దాల రైల్లో వస్తున్నారు, వాళ్లనెవరూ తూచరు. మైదానంలో ఆవులు మేస్తున్నాయి, వాటిని తోలడానికి ఎర్రజెండా పట్టే మనిషి లేదు.

ఆ కౌంటరు అమ్మాయి బేరానికి లొంగలేదు. లొంగి ఉంటే నేను ఆ విమానం ఎక్కేవాణ్ణి కాదు.