చేతుల్లేని కుర్చీలు

ఈజిప్టులోని దమియెట్టాలో వడ్రంగి మిత్వల్లీ చేసిన కుర్చీ లేని ఇల్లు వెతికినా దొరకదు. మసీదుకు కూడా ఆరు కుర్చీలు చేసిచ్చాడు, మోకాళ్ళు పోయిన ముసలివాళ్ళు కూర్చుని నమాజు చేసుకోవడానికి. వరసలో చోటు తినేస్తాయని వాటికి చేతులు పెట్టలేదు. తన తెలివికి తనే మురిసిపోయాడు. అప్పటికి తన మోకాళ్ళు బాగున్నాయి మరి!

ఇప్పుడు డెబ్బై ఆరు. నేలమీద నమాజు మానెయ్యమని డాక్టరు ఆరునెలల నాడే చెప్పాడు. మానేసేవాడే, బయ్యూమీ లేకపోతే.

బయ్యూమీది ఉప్పు జున్ను కొట్టు. ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు, ఒకే బడిలో దెబ్బలు తిన్నారు. వాడు మాత్రం ఇంకా నేలమీదే. అందరితో కలిసి నమాజు అయ్యాక, ఎవరికి వారు చేసుకునే నమాజులో వాడు నుదురు నేలకు ఆనించాడంటే ఇక లేవడు. జనం చెప్పులు చేతబట్టుకుని మరీ నిలబడి చూస్తారు.

"అల్లాతో మాట్లాడుతున్నాడు" అంటారు. ఇంట్లో భార్య ఇన్సాఫ్‌దీ అదే పాట.

"ఆ హాజీ బయ్యూమీ ముఖంలో కళ చూశారా? మీరేమో పొద్దస్తమానం సణుగుడు."

"వాడి ఊసు నా దగ్గర ఎత్తకు!"

దేవుడి దగ్గర కూడా వాడే ముందా? ఒక శుక్రవారం మిత్వల్లీ పంతం పట్టి బయ్యూమీ పక్కనే నిలబడ్డాడు. వాడు లేచాకే లేవాలి. నుదురు ఆనించాడు. మోకాళ్ళు భగ్గుమన్నాయి. ప్రార్థన మరిచిపోయి పక్కవాడి ఊపిరి వింటూ ఉండిపోయాడు. మసీదు ఖాళీ అయింది.

"ఒరే మిత్వల్లీ," అన్నాడు బయ్యూమీ, తల ఎత్తకుండానే.

"నమాజులో మాటలేంట్రా!"

"నమాజు ఎప్పుడో పాడైంది. నేను లేవలేనురా. రోజూ అందరూ వెళ్ళేదాకా ఆగి, పాక్కుంటూ వెళ్ళి ఆ స్తంభం పట్టుకుని లేస్తాను. ఇవాళ నువ్వు కదిలితేగా!"

"కుర్చీలో కూర్చుని ఏడవొచ్చుగా?"

"కూర్చున్నాను ఒకరోజు. దేన్ని పట్టుకుని లేవమంటావు? చేతులు పెట్టావా దానికి?"

మిత్వల్లీ లేవబోయాడు, తనవల్లా కాలేదు. చివరికి ఒకరి భుజం ఒకరు పట్టుకుని, తిట్టుకుంటూ లేచారు.

వారం తిరక్కుండా ఆరు కుర్చీలకూ చేతులొచ్చాయి. బయ్యూమీ ఒకదాంట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని నమాజు మొదలెట్టాడు. పక్క కుర్చీలో మిత్వల్లీ.

"చూశావా, కుర్చీలో కూడా ఆ హాజీ ముఖంలో ఎంత కళో!" అన్నారెవరో వెనక.

ఆ కుర్చీ చేసింది నేనురా అని అరవాలనిపించింది మిత్వల్లీకి. నమాజులో ఉండి ఊరుకున్నాడు.